అరెస్టు వార్తలో క్రైం నంబరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో అరెస్టు వార్త లేని రోజు ఉండదు. ఫలానా గ్రామానికి చెందిన ఫలానా వ్యక్తిని పోలీసులు అరెస్టు చేసి కోర్టులో హాజరుపరచగా న్యాయమూర్తి రిమాండు విధించారని మూడు నాలుగు వాక్యాల్లో రాస్తారు. మనిషి పేరు, వయసు, ఊరు, ఒక్కోసారి తండ్రి పేరు, ఫొటో కూడా వేస్తారు. ఆ కేసు క్రైం నంబరు, అంటే స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ నమోదు చేసేటప్పుడు దానికి వేసే నంబరు, మాత్రం వేయరు. మేజిస్ట్రేటు కోర్టుల్లో గుమాస్తాగా చేరి, బెంచి క్లర్కుగా పనిచేసి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన నేను, ఆ ఒక్క నంబరు తెలియక కోర్టు కౌంటరు దగ్గరికి వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్లిన కుటుంబాలను ఏళ్ల తరబడి చూశాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి ఏడాది వేసవిలో, మరో జిల్లాలో ఉంటున్న మా దూరపు చుట్టం, నాకు వరసకు చెల్లెలయ్యే ఆవిడ, తెల్లవారుజామున ఫోన్ చేసింది. ముందురోజు సాయంత్రం ఇద్దరు మఫ్టీలో వచ్చి ఆమె కొడుకుని తీసుకువెళ్లారట. ఏ స్టేషన్ వాళ్లో చెప్పలేదు, కాగితం ఏదీ ఇవ్వలేదు. ఆ తల్లి ఒక స్టేషన్‌కి వెళితే ఇక్కడ లేడన్నారు, ఇంకో స్టేషన్‌కి వెళితే రేపు రమ్మన్నారు, మూడో చోట గేటు దగ్గరే ఆపేశారు. అబ్బాయిని రిమాండుకు పంపిన సంగతి ఆ మర్నాడు పత్రిక చూసేదాకా ఆమెకు తెలియలేదు. ఆ పత్రిక పట్టుకుని మా ఇంటికి వచ్చి, "అన్నయ్యా, పేపర్లో మావాడి పేరుంది గానీ మావాడు ఎక్కడున్నాడో లేదు" అంది. ఆ స్టేషన్‌లో ఆ నెల నమోదైన ఎఫ్‌ఐఆర్‌లను పోలీసు శాఖ వెబ్‌సైట్లో ఒక్కొక్కటిగా తెరిచి చూస్తే, పదకొండోది వాళ్ల అబ్బాయిది. ఇంటర్నెట్ వాడటం నాకు వచ్చు కాబట్టి, ఎక్కడ వెతకాలో నా ఉద్యోగం నేర్పింది కాబట్టి దొరికింది. ఆ రెండూ లేని తల్లి ఎవరిని అడగాలి?

నిజానికి ఆమె అంత తిరగాల్సిన అవసరమే లేదు. డి.కె. బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పిన నియమాలు తరువాత చట్టంలోకి వచ్చాయి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇంకా వివరంగా ఉన్నాయి. అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించే గుర్తింపు ధరించాలని, అరెస్టు మెమో, అంటే అరెస్టు వివరాల పత్రం, రాయాలని, దానిపై కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతంలోని గౌరవనీయుడైన వ్యక్తో సాక్షిగా సంతకం చేయాలని, అరెస్టయిన వ్యక్తి కూడా సంతకం పెట్టాలని 36వ సెక్షను చెబుతుంది. అరెస్టయిన వ్యక్తి చెప్పిన బంధువుకో మిత్రుడికో అతన్ని ఎక్కడ ఉంచారన్న సమాచారం వెంటనే ఇవ్వాలని 48వ సెక్షను చెబుతుంది. నా దృష్టిలో వీటన్నిటికన్నా ముఖ్యమైనది 37వ సెక్షను. ప్రతి జిల్లాలోను, ప్రతి పోలీసు స్టేషన్‌లోను ఏఎస్సై హోదాకు తగ్గని ఒక అధికారిని ప్రత్యేకంగా నియమించాలని, అరెస్టయిన వారి పేర్లు, చిరునామాలు, వారిపై ఉన్న నేరారోపణ ఏమిటన్న వివరాలు ఆ అధికారి దగ్గర ఉండాలని, వాటిని స్టేషన్‌లోను జిల్లా కేంద్రంలోను అందరికీ కనిపించేలా, డిజిటల్ రూపంలోనైనా సరే, ప్రదర్శించాలని అందులో ఉంది. కాబట్టి బంధువులు స్టేషన్‌కి వెళ్లినప్పుడు "మావాడు ఉన్నాడా" అని ఎదురుపడిన కానిస్టేబుల్‌ను బతిమాలడం కాకుండా, 37వ సెక్షను కింద నియమించిన అధికారి ఎవరు, అరెస్టుల వివరాల బోర్డు ఎక్కడుంది అని అడగాలి. అడగడం వాళ్ల హక్కు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పాత చట్టంలోని 41ఏ నోటీసు, ఇప్పటి 35వ సెక్షను మూడో ఉపసెక్షను నోటీసు అందుకుని విచారణకు వెళ్లిన వ్యక్తి అరెస్టయినట్టు కాదు. అతని పేరు అరెస్టుల జాబితాలో ఉండదు. అయితే నోటీసు లేకుండా, అరెస్టు మెమో లేకుండా మనిషిని స్టేషన్‌లో కూర్చోబెట్టడానికి చట్టంలో ఎక్కడా చోటు లేదు. అరెస్టు చేసిన 24 గంటల్లోగా, ప్రయాణ సమయం మినహాయించి, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్న మాట. ఆ గడువు దాటినా మనిషి జాడ తెలియకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు, ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేయాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. మా చెల్లెలికి ఈ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

మనిషి ఎక్కడున్నాడో తెలిశాక కావలసినది ఎఫ్‌ఐఆర్. ఫిర్యాదు చేసిన వారికి లేదా బాధితులకు దాని నకలు ఉచితంగా, వెంటనే ఇవ్వాలి. నిందితుల తరఫు వారికి 2016 సెప్టెంబరు 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పెద్ద ఆసరా. ఎఫ్‌ఐఆర్ నమోదైన 24 గంటల్లో దాన్ని పోలీసు శాఖ వెబ్‌సైట్లో పెట్టాలని, ఇంటర్నెట్ సరిగా లేని ప్రాంతాల్లో 48 గంటలు, మరీ తప్పకపోతే 72 గంటలు తీసుకోవచ్చని ఆ తీర్పు చెప్పింది. కోర్టుకు చేరిన ఎఫ్‌ఐఆర్ నకలు కోసం నిందితుడి తరఫున దరఖాస్తు చేస్తే రెండు పనిదినాల్లో ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. లైంగిక నేరాలు, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో కేసులు, ఉగ్రవాదానికి సంబంధించినవి, అలాంటి సున్నితమైన కేసుల ఎఫ్‌ఐఆర్‌లు వెబ్‌సైట్లో కనిపించవు. ఫలానాది సున్నితమైన కేసు అని తేల్చే అధికారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారికే ఉంటుంది కాబట్టి, స్టేషన్‌లో ఎవరో నోటిమాటగా అది ఇవ్వం అంటే సరిపోదు. ఎఫ్‌ఐఆర్ మీద పైన కనిపించే నంబరు, దాని పక్కన ఏడాది, స్టేషన్ పేరు, ఈ మూడూ కలిస్తేనే క్రైం నంబరు. నంబరొక్కటే రాసుకుని వచ్చేవారికి ఏ కోర్టులోనూ ఫైలు దొరకదు, ఎందుకంటే ప్రతి స్టేషన్‌లోను జనవరిలో లెక్క మళ్లీ ఒకటి నుంచే మొదలవుతుంది.

చార్జిషీటు దాఖలయ్యాక ఆ కేసుకు కోర్టులో కొత్త నంబరు వస్తుంది, చాలామంది తికమకపడేది ఇక్కడే. మేజిస్ట్రేటు విచారించే కేసైతే సి.సి. (క్యాలెండర్ కేసు) నంబరు వేస్తారు. సెషన్స్ కోర్టుకు పంపవలసినదైతే ముందు పి.ఆర్.సి. (ప్రిలిమినరీ రిజిస్టర్డ్ కేసు) నంబరు, అక్కడికి చేరాక ఎస్.సి. (సెషన్స్ కేసు) నంబరు వస్తాయి. ఒకే కేసుకు ఇన్ని నంబర్లుంటే సామాన్యుడు ఏది పట్టుకోవాలి? ఈ ఇబ్బంది తీర్చడానికే, కోర్టు కేసుల వివరాలు ఇంటర్నెట్లో ఉంచే ఈ-కోర్ట్స్ వ్యవస్థలో ప్రతి కేసుకు 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు ఇస్తున్నారు. మొదటి నాలుగు అక్షరాలు రాష్ట్రాన్ని, జిల్లాను, తరువాతి రెండంకెలు కోర్టును, ఆ పైన ఆరంకెలు కేసును, చివరి నాలుగు ఏడాదిని తెలుపుతాయి. అది చేతిలో ఉంటే తరువాతి వాయిదా ఎప్పుడు, కిందటి వాయిదాలో ఏం జరిగింది, తీర్పు వచ్చిందా అన్నవన్నీ ఫోన్లోనే చూసుకోవచ్చు. సీఎన్ఆర్ తెలియనివారు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లోనే ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతికే వీలుంది. జిల్లా, స్టేషన్, నంబరు, ఏడాది నింపితే చాలు. తిరిగి తిరిగి అన్ని దారులూ క్రైం నంబరు దగ్గరికే చేరుతున్నాయి.

పేరుతో వెతకవచ్చు కదా అంటారేమో. వెతకవచ్చు, కానీ మన పేర్లతో అది ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుస్తుంది. శ్రీనివాసరావు అన్న ఒక్క పేరును కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాలతో కనీసం ఐదు రకాలుగా ఎక్కించడం నేను చూశాను. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒకరు చివర రాస్తారు, ఒకరు ఒక్క అక్షరంతో సరిపెడతారు. స్టేషన్‌లో ఒకలా, చార్జిషీటులో ఇంకోలా, కోర్టు రిజిస్టరులో మరోలా పడిన పేర్లూ ఉన్నాయి. కాబట్టి పేరుతో వెతికేవారు పూర్తి పేరు కాకుండా మధ్యలోని మూడు నాలుగు అక్షరాలతో, ఏడాది మార్చి మార్చి, నడుస్తున్న కేసులు ముగిసిన కేసులు రెండూ కలిపి చూడాలి. జిల్లాల సంగతి ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి, తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయి తరువాత 33కు పెరిగాయి. కోర్టుల పరిధి అన్ని చోట్లా ఆ తేదీలతో మారలేదు. కొత్త జిల్లా పేరుతో కేసు కనిపించకపోతే పాత ఉమ్మడి జిల్లా పేరుతోనూ వెతకాలి. కేసు లేదనుకుని ఊరుకుని, వాయిదాలకు వెళ్లక, వారంటు జారీ అయ్యాక పరుగెత్తుకొచ్చిన వారిని నేను చూశాను.

వెబ్‌సైట్లో కనిపించేది చూసుకోవడానికి పనికొస్తుంది గానీ పాస్‌పోర్టు కార్యాలయంలోనో ఉద్యోగంలో చేరేచోటో చూపించడానికి కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ కావాలి. దానికి కాపీ అప్లికేషన్ పెట్టాలి. కేసు నంబరు, పక్షాల పేర్లు, ఏ తేదీ నాటి ఏ కాగితం కావాలో స్పష్టంగా రాసి, కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవ్వాలి. ఎన్ని పేజీలవుతాయో లెక్కగట్టి, అందుకు కావలసిన స్టాంపులు తెమ్మని కోరిన (కోర్టు మాటల్లో 'స్టాంపులు పిలిచిన') దరఖాస్తుల జాబితా కోర్టు నోటీసు బోర్డులో పెడతారు. గడువులోగా ఆ మొత్తం కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్లీ మొదటినుంచి రావాలి. నా సర్వీసులో ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయింది ఆ జాబితా చూసుకోకపోవడం వల్లే. కాపీ వెనుక దరఖాస్తు చేసిన తేదీ, స్టాంపులు పిలిచిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ ముద్ర వేస్తారు. అవి ఊరికే వేసేవి కావు. శిక్ష పడిన వ్యక్తి సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో, హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి, కాపీ తయారీకి పట్టిన రోజులను ఆ లెక్కలోంచి తీసేస్తారు. జైలుశిక్ష పడిన ముద్దాయికి తీర్పు నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు మొదలైనవి నిందితుడికి, బాధితుడికి, నిందితుడు కోర్టులో హాజరైన నాటి నుంచి 14 రోజులు మించకుండా ఉచితంగా అందించాలి. ఫిర్యాదు చేసినవారికి దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా పోలీసులే తెలియజేయాలి.

కేసుతో సంబంధం లేనివారికి ఇంత తేలిక కాదు. తీర్పుల, ఉత్తర్వుల నకళ్లు వారికి ఇవ్వాలంటే హైకోర్టు నియమాల ప్రకారం ఎందుకు కావాలో కారణం చూపాలి, అఫిడవిట్ వేయాలి, న్యాయమూర్తి అనుమతి పొందాలి. చార్జిషీట్లను అందరికీ కనిపించేలా వెబ్‌సైట్లో పెట్టాలన్న కోరికను 2023 జనవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. దర్యాప్తులో పోలీసులు రాసుకునే కేసు డైరీ ఎవరికీ దొరకదు. బాలల రికార్డులకు, లైంగిక నేరాల బాధితుల వివరాలకు చట్టమే అడ్డుగోడ కట్టింది, అది ఉండవలసిన గోడే. కోర్టు కాగితాల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టేవారు కొందరున్నారు. కోర్టు నియమాల ప్రకారం దొరికే కాగితాలకు ఆ నియమాల దారే పట్టాలని 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు వ్యవహారంలో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి సమాచార హక్కు దరఖాస్తుకు కట్టే పది రూపాయలు, జవాబు కోసం ఎదురుచూసే ముప్పై రోజులు వృథా. పోలీసుల దగ్గరున్న సమాచారం మాత్రం సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన విషయమైతే 48 గంటల్లో జవాబివ్వాలి. దర్యాప్తు నడుస్తోంది కాబట్టి ఇవ్వం అని ఒక్క ముక్కలో చెప్పడం చెల్లదని, సమాచారం ఇస్తే దర్యాప్తుకు ఎలా అడ్డో చూపించాలని 2007లో ఢిల్లీ హైకోర్టు భగత్ సింగ్ అనే దరఖాస్తుదారుడి కేసులో చెప్పింది. అప్పీలు రాసుకునేవారు ఆ తీర్పును ప్రస్తావించడం మంచిది.

ఇక మా చెల్లెలి కొడుకు కేసు. ఇరుగుపొరుగు తగాదా అది. తరువాత లోక్ అదాలత్‌లో రాజీ అయింది. రాజీకి వీలున్న కేసులో రాజీ కుదిరితే నిర్దోషిగా విడుదలైనట్టేనని చట్టం చెబుతుంది. ఆ అబ్బాయికి ఉద్యోగం ఇవ్వబోయిన సంస్థ వాళ్లు అతని పేరు ఇంటర్నెట్లో వెతికితే అరెస్టు వార్త వచ్చింది. రాజీ వార్త రాలేదు, ఎందుకంటే అలాంటి వార్త ఎవరూ రాయలేదు. వెంటనే కాపీ అప్లికేషన్ పెట్టించి, ఉత్తర్వు నకళ్లు రెండు తీయించి, ఒకటి ఇంట్లో భద్రంగా దాచమన్నాను. కోర్టుల్లో పాత ఫైళ్లను నియమాల ప్రకారం కొన్నాళ్లకు తీసేస్తారు. పదేళ్ల తరువాత అవసరం పడి వెతుక్కుంటూ వచ్చినవారికి ఫైలు లేదని చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. కేసు ఎలా ముగిసినా, ముగిసిన వారంలోనే కాపీ తీసుకోవాలని మీ పాఠకులకు చెప్పదలచుకున్నాను.

ఇక్కడ నాకూ ఒక సందిగ్ధం ఉంది. అరెస్టయిన వారి పేర్లు బోర్డు మీద పెట్టమని ఒకవైపు అంటూ, ఆ పేరు మనిషిని ఏళ్ల తరబడి వెంటాడుతోందని మరోవైపు బాధపడుతున్నాను. రెండిటికీ తేడా ఉందని నమ్ముతున్నాను. స్టేషన్ బోర్డు తల్లి కొడుకును వెతుక్కోవడానికి ఉన్నది, ఆ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడానికి కాదు. నిర్దోషుల పేర్లు కోర్టు తీర్పుల్లోంచి తొలగించాలా వద్దా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది, అలా తొలగించాలని మద్రాసు హైకోర్టు 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పుపై అదే ఏడాది జులైలో స్టే వచ్చింది. ఆ ప్రశ్న ఎలా తేలినా, అరెస్టు ఎంత సులువుగా కనిపిస్తుందో దాని ఫలితమూ అంత సులువుగా కనిపించాలనడంలో నాకు సందేహం లేదు.

ఇందులో మీ పత్రిక చేయగలిగినది ఒకటుంది. పోలీసులు ఇచ్చే పత్రికా ప్రకటనల్లో క్రైం నంబరు, సెక్షన్లు సాధారణంగా ఉంటాయి. డెస్కులో చోటు చాలక తీసేసేది వాటినే. లైంగిక నేరాలు, పిల్లల కేసులు మినహాయించి, ప్రతి అరెస్టు వార్త చివర "క్రైం నంబరు ఇంత, ఏడాది ఇంత, ఫలానా స్టేషన్" అని ఒక్క పంక్తి వేస్తే, ఆ కుటుంబానికి ఎఫ్‌ఐఆర్ దొరుకుతుంది, కేసు ఏమైందో ఏళ్ల తరువాత తెలుసుకోవాలనుకునే వారికి కోర్టు రికార్డు దొరుకుతుంది. మీరు పేరు వేసిన మనిషి నిర్దోషిగా తేలితే ఆ సంగతి మీ విలేకరికీ అదే నంబరుతో తెలుస్తుంది. ఫొటోకు పట్టే చోటులో పదో వంతు కూడా దానికి అక్కరలేదు.

రెండు రాష్ట్రాల పోలీసు ఉన్నతాధికారులు 37వ సెక్షను బోర్డులను తెలుగులో, ఆ రోజు తేదీతో, క్రైం నంబరుతో పెట్టిస్తున్నారో లేదో స్టేషన్ వారీగా తనిఖీ చేయించాలి. కాపీ అప్లికేషన్ ఫారం, దాని రుసుము, స్టాంపుల జాబితా ఎక్కడ చూడాలన్న వివరం ప్రతి కోర్టు ఆవరణలోను, ఈ-సేవా కేంద్రం దగ్గరా తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలని రెండు హైకోర్టులనూ వినయంగా కోరుతున్నాను. అది జరిగేలోగా, కాపీ అప్లికేషన్ ఎలా నింపాలో తెలుగులో ఒక నమూనా రాసి ఈ ఉత్తరంతో జతచేశాను. చోటుంటే ప్రచురించండి. లేకపోతే మీ జిల్లా కార్యాలయాలకు పంపండి, అడిగిన వారికి జిరాక్స్ ఇవ్వడానికి పనికొస్తుంది.

భవదీయుడు,
విశ్రాంత కోర్టు సూపరింటెండెంటు